ఆఖరి పదహారు పేజీలు

ముహర్రఖ్‌ల మా రూముకు పద్నాలుగు మంచాలు,
ఒక్కటే నవల.
అట్ట ఊడిపోయింది, రాసినాయన పేరు దాంతోనే పోయింది.
మొదటి పేజీల శవం,
మూడో పేజీల పాడుబడ్డ కోట,
కోట కింద ఏ రాజో దాచిన ఏడు బిందెల బంగారం.
పాము కాపలా ఉన్నదని ఊరోళ్ల మాట.
పాము కాదు, మనిషేనని డిటెక్టివ్ అనుమానం.

పై మంచమోళ్లు చదివి కింది మంచాలకు ఇచ్చిండ్రు.
నా దాకా వచ్చేసరికి
డిటెక్టివ్ టార్చి వెలిగించి
"దొంగ ఈ గదిలోనే ఉన్నాడు" అంటడు.
ఆ తర్వాత కుట్టుదారం పోగులు.
ఆఖరి పదహారు పేజీలు లేవు.

పగటిపూట నా పని పాత గోడలు విప్పుడు.
సముద్రం అడుగు నుంచి కోసుకొచ్చిన రాళ్ల ఇల్లు,
ముత్యాల ఓడ నడిపిన నఖుదాది.
తీసిన ప్రతి రాయికీ నంబరు రాయాలె, మళ్ల అక్కడ్నే పెట్టాలె.
పెదవి తుడుచుకుంటే ఉప్పు.
వాచ్‌మన్ మర్జూఖ్ ముసలాయన
సగం హిందీల, సగం చేతులతో చెప్పిండు:
నఖుదా ఇంట్ల ఒక దానా దాచిండట,
పావురం గుడ్డంత ముత్యం.
మునిగి తెచ్చినోడు పడవ ఎక్కంగనే
చెవులల్ల నెత్తురొచ్చి సచ్చిపోయిండట.
గోడ కదిలిస్తె లెక్క అడగనీకి వస్తడట.

ఢాకా మొఫిజుల్ పగలబడి నవ్విండు.
ఆ దినం నుంచి మాత్రం
ప్రతి రాయినీ వేలుతోటి కొట్టి చూసుడు షురూ చేసిండు.
నేను గూడ కొట్టిన. అబద్ధమెందుకు.

రాత్రి నా దర్యాప్తు.
అనుమానితులు పదముగ్గురు.
లింబాద్రికి ఫోనే లోకం, ఇడిసిపెట్టిన.
రాజేశం రొట్టెలు చుట్టుకునే రకమే గని
నూనె మరక ఒక్కటన్న లేదు.
దొరికిన ఆధారం ఒకటే:
మిగిలిన చివరి పేజీ అంచుకు
పై కాగితం మీద ఒత్తి రాసిన గీతల అచ్చు.
మసి వేలుతో రుద్దిన, నవలల చేసినట్టే.
అంకెలు లేచినయి.
లక్షా నలభై వేలు. నూటికి మూడు.
దాని కిందికి మళ్ల అదే, కొంచెం బలిసి.

తొమ్మిదో రోజు దక్షిణం గోడల
సున్నం పూసి మూసిన గూడు, గూట్లె రేకు డబ్బ.
ఇంజనీరు వచ్చేలోపల మర్జూఖ్ మూత తీసిండు.
ముత్యం లేదు.
తోలు అట్ట పుస్తకం. పేర్లు, పేర్లకెదురుంగ బాకీలు.
అప్పట్ల ఇక్కడ మన రూపాయే నడిచేదట.
తండ్రి పేరు కొట్టేసి కొడుకు పేరు,
కొడుకు పేరు కొట్టేసి వాని తమ్ముని పేరు,
బాకీ మాత్రం కొట్టేయలే.
పక్కకు వేలిముద్రలు, ఎండిన చీమల్లెక్క.
ముసలాయన వేలు ఒక పేరు కాడ ఆగింది.
ఎవరని అడిగిన.
"గాలి జాస్తి ఉన్నది, మూసేద్దాం" అన్నడు.

ఆ రాత్రి నా కింది మంచం నర్సింగాన్ని నేనేం అడగలే.
ఏజెంటుకు మిత్తి కట్టినప్పుడల్ల
వాడు దిండుకింద చెయ్యి పెట్టుడు ఏడాది సంది చూస్తున్న.
నవల తీసుకపోయి వాని దిండు మీద పెట్టి
లైటు బంజేసిన.

తెల్లారి పదహారు పేజీలు
నా బూటుల చుట్టి ఉన్నయి.
బస్సుల కూసొని చదివిన.
దొంగ దొరికిండు, అందరం అనుకున్నోడే.
బిందెలు దొరికినయి.
డిటెక్టివ్ సిగరెట్టు ముట్టించిండు.
ఏడు బిందెల బంగారం ఎన్ని తులాలో
రాసినాయన చెప్పలే.
అంచుకు నర్సింగం లెక్కగట్టి పెట్టుకున్నడు:
ఒక్క బిందె చాలు.
దాని కింద, ఇంకో దినం, ఇంకో పెన్సిలుతోటి:
సగం బిందె.

అన్నం మెతుకులు పెట్టి పేజీలు అతికించిన.
ఆ పక్క మంచం పోశెట్టి చెయ్యి చాపి ఉన్నడు.
ఇచ్చే ముందు
చెవి మీది మేస్త్రి పెన్సిలు తీసి
నర్సింగం అక్షరాల కింద రాసిన,
నాకు చెంబెడు.